తిరుగు బండి ముందు చూసుకోండి: మ్యూనిక్ నుంచి చలికాలపు రైలు ప్రయాణాలు

(మ్యూనిక్‌లో తెలుగు కుటుంబాలు, విద్యార్థులు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని కింద కూర్చోబెట్టినా ఫర్వాలేదు.

నన్ను మాట్లాడమన్న విషయం చిన్నదే. చలికాలం. మన మకాం మ్యూనిక్. పొద్దున రైలెక్కాలి, ఎక్కడికో వెళ్లాలి, చూడాలి, రాత్రికి ఇంటికి వచ్చి మన మంచం మీద పడుకోవాలి. అంతే కదా? ఇందులో ఎక్కడికి వెళ్లాలన్నది అందరూ అడుగుతారు. ఎలా వెళ్లాలన్నది, అంతకంటే ముఖ్యంగా ఎలా తిరిగి రావాలన్నది అడిగేవాళ్లు తక్కువ. చలికాలంలో ఆ రెండోదే అసలు విషయం అండి. అందుకని నేను దాని గురించే ఎక్కువ చెప్తాను. ఊళ్ల సంగతి దారిలో వస్తుంది.

ముందుగా వెలుగు. డిసెంబర్ 21 నాడు మ్యూనిక్‌లో సూర్యుడు ఉదయం 8 గంటలకు పొడుస్తాడు. సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు కుంకిపోతాడు. మొత్తం పగలు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. ఇదే ఊళ్లో జూన్‌లో పదహారు గంటల పగలుంటుంది. హైదరాబాద్‌లో అయితే డిసెంబర్‌లో కూడా దాదాపు 11 గంటలు వెలుగు ఉంటుంది. మనం ఆ లెక్కతో పెరిగినవాళ్లం. సాయంత్రం నాలుగంటే మనకి ఇంకా ఎండ ఉన్నట్టే. ఇక్కడ నాలుగంటే అయిపోయినట్టే. కాలవ కింద వ్యవసాయం చేసిన ఇళ్లవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు నీళ్ల వంతు తెలుసు. మన వంతు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ముందే రాసి ఉంటుంది. ఆ వేళకి మడి దగ్గర లేకపోతే నీళ్లు మన కోసం ఆగవు. చలికాలపు పగలు అలాంటిదే.

ఇంకో సంగతి. ఈ నాలుగూ ఇరవై అన్నది మైదానంలో లెక్క. కొండల మధ్య ఊళ్లలో సూర్యుడు కొండ చాటుకి ఇంకా ముందే పోతాడు. వెలుగు ఉంటుంది గానీ ఎండ ఉండదు. ఎండ పోయిన క్షణం నుంచి చలి ఎలా ఉంటుందో ఒకసారి కొండల్లోని గార్మిష్ ఊళ్లో నిలబడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి కొండల్లోకి వెళ్లే రోజు, బయట తిరిగే పనంతా మధ్యాహ్నం రెండున్నర లోపు అయిపోవాలి. మ్యూజియం, కాఫీ, చర్చి లోపల చూడటం, ఇవన్నీ ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చలిగా ఉందని పొద్దునే మ్యూజియంలోకి వెళ్తారు, బయటికి వచ్చేసరికి చీకటి.

మరి ప్లాను ఎక్కడ మొదలుపెట్టాలి? తిరుగు బండి దగ్గర. అవును, తిరుగు బండి దగ్గరే. డీబీ, అంటే జర్మన్ రైల్వే, వాళ్ల యాప్ తెరవగానే వెళ్లే బండి వెతక్కండి. ముందు ఆ ఊరి నుంచి మ్యూనిక్‌కి సాయంత్రం బళ్లు ఎప్పుడెప్పుడున్నాయో చూడండి. అరగంటకొకటా, గంటకొకటా, రెండు గంటలకొకటా? మీరు ఎక్కాలనుకున్న బండి తర్వాత ఇంకెన్ని ఉన్నాయి? ఆ బండి తప్పిపోతే తర్వాతి దానికోసం ఎక్కడ కూర్చుంటారు? పెద్ద ఊరైతే స్టేషన్‌లో వెచ్చగా కూర్చునే చోటు, తినే కొట్టు ఉంటాయి. చిన్న ఊళ్లలో స్టేషన్ బిల్డింగుకి తాళం ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద గాజు గూడు ఒకటి ఉంటుంది, అంతే. మైనస్ ఎనిమిదిలో ఆ గాజు గూట్లో గంటసేపు, పక్కన నాలుగేళ్ల పాప. ఊహించుకోండి. అందుకే నేను చెప్పేది, ఆఖరి బండి మీద ప్లాను వేయకండి. ఆఖరి దానికంటే కనీసం రెండు ముందు బండి మీద వేయండి. మిగిలిన రెండూ చేతిలో ఉంచుకోవడానికి.

టైంటేబుల్ గురించి ఒక్కమాట. యూరప్ అంతటా రైళ్ల కొత్త టైంటేబుల్ డిసెంబర్‌లో రెండో శనివారం అర్ధరాత్రి నుంచి అమల్లోకి వస్తుంది. అంటే సరిగ్గా మన ప్రయాణాల సీజన్ మధ్యలో. నవంబర్‌లో మీ ఫ్రెండు వెళ్లొచ్చిన బండి వేళ డిసెంబర్ ఆఖర్లో ఉండకపోవచ్చు. స్క్రీన్‌షాట్లు పంచుకుంటుంటారు కదా మనవాళ్లు గ్రూపుల్లో? తేదీ చూడండి. వెళ్లే రోజు పొద్దున మళ్లీ చూడండి.

ఇక టిక్కెట్లు. మీలో ఎక్కువమందికి డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటుంది, దేశమంతటా చెల్లే నెలవారీ టిక్కెట్టు. 2023 మేలో 49 యూరోలకు మొదలైంది, 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ధర పెరిగినా, నెలకి రెండు మూడు సార్లు బయటికి వెళ్లేవాళ్లకి దీన్ని మించింది లేదు. ఇది నెలనెలా చందా. మానేయాలంటే ఆ నెల 10వ తేదీ లోపు చెప్పాలి. అది లేనివాళ్లకి బయర్న్ టికెట్ ఉంది. ఒక రోజుకి, మన రాష్ట్రం బవేరియా అంతా, అయిదుగురి దాకా ఒకే టిక్కెట్టు మీద వెళ్లొచ్చు. మర్నాడు తెల్లవారుజాము 3 గంటల దాకా చెల్లుతుంది. మ్యూనిక్‌లో ఎస్‌బాన్ లోకల్ రైళ్లు, ఊబాన్ మెట్రో, ట్రామ్, బస్సు కూడా అందులోకే వస్తాయి. టిక్కెట్టు మీద మీ పేర్లు రాయడం మర్చిపోకండి, గుర్తింపు కార్డు అడుగుతారు.

ఈ రెండు టిక్కెట్లలో ఏదైనా రీజనల్ బళ్లకే, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే బళ్లకే, చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ, ఆస్ట్రియావాళ్ల రైల్‌జెట్, ఈ దూరప్రయాణపు బళ్లలో చెల్లదు. సాల్జ్‌బర్గ్ వెళ్లేటప్పుడు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రైల్‌జెట్టూ అక్కడికే వెళ్తుంది, రీజనల్ బండీ అక్కడికే వెళ్తుంది, రెండింటికీ బోర్డు మీద సాల్జ్‌బర్గ్ అనే రాసి ఉంటుంది.

బయర్న్ టికెట్‌కి ఇంకో షరతు ఉంది. మామూలు రోజుల్లో, అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 9 గంటల తర్వాతే చెల్లుతుంది. శని ఆదివారాలు, సెలవు రోజుల్లో ఆ నిబంధన లేదు. వేసవిలో ఈ 9 గంటల షరతు ఎవరికీ లెక్కలోకి రాదు. చలికాలంలో వేరు. 9 దాటాక బండెక్కి రెండు గంటల దూరం వెళ్తే పదకొండున్నర. నాలుగూ ఇరవైకి చీకటి. చేతిలో నాలుగు గంటల ముప్పావు వెలుగు. అందులో భోజనం, బస్సు, నడక. అందుకని మామూలు రోజున ఈ టిక్కెట్టుతో గంటన్నర దాటిన ఊరికి వెళ్లకండి. దూరపు ఊళ్లు శని ఆదివారాలకి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు చాలామంది మొత్తం అందరికీ కలిపి బయర్న్ టికెట్ కొనేస్తారు. అక్కర్లేదండి. మీ ఇద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే, వాళ్లిద్దరికి మాత్రమే కొనండి. ఆరేళ్ల లోపు పిల్లలకి అసలు టిక్కెట్టే లేదు.

ఇప్పుడు స్టేషన్. మన హౌప్ట్‌బాన్‌హోఫ్, అంటే మ్యూనిక్ మెయిన్ స్టేషన్, ఒక స్టేషన్ కాదు, ఒకదానికొకటి అతుక్కున్న మూడు స్టేషన్లు. మధ్యలో పెద్ద హాలు. దక్షిణం పక్కన 5 నుంచి 10 దాకా ప్లాట్‌ఫాంలు, హోల్ట్స్‌కిర్హెన్ వైపు రెక్క. ఉత్తరం పక్కన 27 నుంచి 36 దాకా, స్టార్న్‌బెర్గ్ వైపు రెక్క. గార్మిష్ బళ్లు మామూలుగా ఈ ఉత్తరపు రెక్క నుంచి పోతాయి. ఊబాన్ దిగి, పైకి వచ్చి, అక్కడిదాకా నడవాలంటే పెద్దవాళ్లతో పది నిమిషాలు పడుతుంది. పైగా స్టేషన్‌లో ఏళ్ల తరబడి కట్టుబడి పని నడుస్తోంది, దారులు మారుతుంటాయి. ఆ ఇబ్బంది ఎందుకు? గార్మిష్, ఆగ్స్‌బర్గ్ వైపు వెళ్లేవాళ్లు పాసింగ్‌లో ఎక్కండి. సాల్జ్‌బర్గ్ వైపు వెళ్లేవాళ్లు ఓస్ట్‌బాన్‌హోఫ్‌లో ఎక్కండి. టేగర్న్‌జే వెళ్లేవాళ్లు డోనర్స్‌బెర్గర్‌బ్రూకెలో. మంచు సెలవుల్లో బండి కిక్కిరిసి ఉండే రోజు మాత్రం హౌప్ట్‌బాన్‌హోఫ్‌కే వెళ్లండి, మొదటి స్టేషన్‌లో అయితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

టేగర్న్‌జే పేరు వచ్చింది కాబట్టి చెప్తాను, దీన్ని శ్రద్ధగా వినండి. ఆ లైన్ మీద బండి మధ్యలో విడిపోతుంది. మ్యూనిక్‌లో ఒకటే పొడుగు బండి. హోల్ట్స్‌కిర్హెన్‌లో ఒక ముక్క విడిపోయి ష్లియర్‌జే మీదుగా బైరిష్‌ట్సెల్ వెళ్తుంది. మిగిలింది షాఫ్ట్‌లాఖ్ దాకా వెళ్లి మళ్లీ రెండవుతుంది, ఒకటి లెంగ్రీస్‌కి, ఇంకొకటి టేగర్న్‌జేకి. మీరు ఏ పెట్టెలో కూర్చున్నారన్న దాన్నిబట్టి మూడు వేర్వేరు లోయల్లో తేలతారు. ప్లాట్‌ఫాం బోర్డు మీద రాస్తారు, పెట్టె మీద కూడా రాస్తారు, లోపల తెర మీద కూడా చూపిస్తారు. ఎక్కేముందు చూడండి, ఎక్కాక ఇంకోసారి చూడండి. ఒక కుటుంబం రెండు పెట్టెల్లో విడివిడిగా కూర్చోకూడదు. తిరిగొచ్చేటప్పుడు ఈ బాధ లేదు, మూడు ముక్కలూ కలిసి మ్యూనిక్‌కే వస్తాయి.

సరే. ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతికి వస్తున్నాను. ఏ రోజు ఎటు వెళ్లాలి?

మనవాళ్లు రెండు వారాల ముందే తేదీ, ఊరు రెండూ ఖాయం చేసుకుంటారు. తేదీ ఖాయం చేసుకోండి, సెలవు పెట్టాలి కాబట్టి తప్పదు. ఊరు మాత్రం ముందురోజు రాత్రి దాకా ఖాయం చేయకండి. మన టిక్కెట్లు ఏ ఊరికైనా చెల్లుతాయి కదా? ఆ సౌకర్యాన్ని వాడుకోరేం? దక్షిణాన ఒక ఊరు, ఉత్తరాన ఒక ఊరు, రెండూ సిద్ధంగా పెట్టుకోండి. వాతావరణం చూసి ముందురోజు రాత్రి తేల్చుకోండి.

ఎందుకంటున్నానంటే, నవంబర్ నుంచి జనవరి దాకా ఇక్కడ కొన్ని రోజులు అస్తమానం పొగమంచు పట్టి ఉంటుంది. మ్యూనిక్ సుమారు 520 మీటర్ల ఎత్తులో ఉంది. చల్లగాలి బరువు కాబట్టి కిందకి దిగి మైదానంలో నిలిచిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, మధ్యలో పొగమంచు ఇరుక్కుపోతుంది. కింద మనకి మూడు రోజులుగా సూర్యుడు కనపడడు. కానీ అదే సమయంలో కొండల మీద నీలాకాశం, కళ్లు చెదిరే ఎండ. మిట్టెన్‌వాల్డ్ 900 మీటర్లకు పైన ఉంది. చాలాసార్లు మ్యూనిక్‌లో బూడిదరంగు ఆకాశం కింద బండెక్కి, అక్కడ దిగేసరికి నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాల్సి వస్తుంది. డాన్యూబ్ నది ఒడ్డు ఊళ్లలో ఈ పొగమంచు ఇంకా చిక్కగా ఉంటుంది. కాబట్టి పొగమంచు రోజున రేగన్స్‌బర్గ్, పాసావ్ వెళ్లకండి, కొండల వైపు వెళ్లండి. మంచు గట్టిగా కురుస్తున్న రోజున కొండలకి వెళ్లకండి, ఉత్తరాన ఊళ్లకి వెళ్లండి. ఇది గుర్తుంటే చాలు. ఎలా తెలుసుకోవాలి? ప్రతి కొండ ఊరికీ, ప్రతి రోప్‌వేకీ వెబ్‌కెమెరాలున్నాయి. పొద్దున ఏడింటికి ఫోన్‌లో చూడండి. వాతావరణ యాప్‌లో బొమ్మ కంటే ఆ కెమెరా నిజం చెప్తుంది.

మంచు గట్టిగా కురిసే రోజు కొండలకి ఎందుకు వద్దంటున్నాను? అందం అప్పుడే కదా అంటారు. పట్టాల సంగతి చూడండి. గార్మిష్ లైను టుట్‌జింగ్ దాటాక చాలా భాగం ఒంటి లైను. హోల్ట్స్‌కిర్హెన్ దాటాక ఆ మూడు కొమ్మలూ ఒంటి లైన్లే. ఒంటి లైన్లో క్రాసింగ్ అంటే ఏమిటో మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఎదురు బండి వచ్చేదాకా మన బండి కదలదు. ఒక బండి ఇరవై నిమిషాలు లేటైతే ఎదురొచ్చే దానికీ ఆ లేటు అంటుకుంటుంది, సాయంత్రానికి లైనంతా అదే పరిస్థితి. పైగా తడిమంచు బరువుకి చెట్లు విరిగి పట్టాల మీద పడతాయి. 2023 డిసెంబర్ 2, శనివారం ఇక్కడ ఉన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఒక్క రాత్రిలో 40 సెంటీమీటర్లకు పైగా మంచు. విమానాశ్రయం మూసేశారు, హౌప్ట్‌బాన్‌హోఫ్‌కి రైళ్లు రావడం ఆగిపోయింది, జనం రైలు పెట్టెల్లోనే రాత్రి గడిపారు. కొండల వైపు లైన్లు తెరవడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. 2019 జనవరిలో కూడా అంతే, కొండల వైపు లైన్లు రోజుల తరబడి మూసేశారు. నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. మంచు ఆగిన మర్నాడు, లేదా ఆ తర్వాతి రోజు వెళ్లండి. పట్టాల మీద మంచు తీసేసి ఉంటారు, కాలిబాటలు తుడిచి ఉంటారు, ఆకాశం తేటగా ఉంటుంది. కొండల అందం ఆ రోజున చూడాలి.

దక్షిణాన ఎక్కడికంటే, నా మొదటి మాట మిట్టెన్‌వాల్డ్. మ్యూనిక్ నుంచి రెండు గంటల లోపే. ఆస్ట్రియా సరిహద్దు పక్కన చిన్న ఊరు. వయొలిన్‌లు చేసే ఊరు. 17వ శతాబ్దంలో మాటియాస్ క్లోట్స్ అనే ఆయన ఆ పని నేర్చుకుని వచ్చి తన ఊళ్లో మొదలుపెట్టాడు. ఇప్పటికీ అక్కడ వయొలిన్ తయారీ బడి ఉంది, మ్యూజియం ఉంది. ఇళ్ల గోడల మీద రంగుల బొమ్మలు, వెనకనే కార్వెండెల్ కొండ గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. మన కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు ఈ ఊరు తప్పకుండా చూడాలి. వాళ్లు చేతిలో పట్టుకునే వాద్యం చెక్కలోంచి ఎలా పుడుతుందో అక్కడ కళ్లారా చూడొచ్చు. అన్నీ స్టేషన్ నుంచి నడిచే దూరంలో ఉన్నాయి, అది చలికాలంలో పెద్ద వరం.

గార్మిష్ గంటా ఇరవై అయిదు నిమిషాలు. అక్కడ పార్ట్‌నాఖ్ లోయ ఉంది, ఇరుకైన రాతి సందులో నది. చలికాలంలో రాళ్ల నుంచి మంచు కడ్డీలు వేలాడుతుంటాయి. మంచు కరిగేటప్పుడు, జారిపడే ప్రమాదం ఉన్నప్పుడు మూసేస్తారు, వెళ్లేముందు చూసుకోండి. 2962 మీటర్ల త్సుగ్‌స్పిట్సె, జర్మనీలో అన్నింటికంటే ఎత్తయిన శిఖరం, అక్కడి నుంచే పళ్ల చక్రాల రైల్లో వెళ్లొచ్చు. ఆ రైలుకి మన టిక్కెట్టు చెల్లదు, విడిగా కొనాలి, ఖరీదు ఎక్కువ. పైన ఎండ ఉందని కెమెరాలో కనపడితేనే కొనండి. జనవరి 1న మాత్రం గార్మిష్ వెళ్లాలంటే ఆలోచించుకోండి. ఆరోజు అక్కడ పెద్ద స్కీ జంపింగ్ పోటీ ఉంటుంది, బళ్లలో కాలు పెట్టే చోటుండదు.

టేగర్న్‌జే గంట ప్రయాణం. స్టేషన్ దిగి పది నిమిషాలు నడిస్తే సరస్సు. పెద్దవాళ్లకి ఇది చాలా బాగుంటుంది. సరస్సు గడ్డకట్టినట్టు కనిపించినా దాని మీద అడుగు పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి.

ఉత్తరం వైపు వస్తే, రేగన్స్‌బర్గ్. గంటన్నర. డాన్యూబ్ మీద 12వ శతాబ్దపు రాతి వంతెన, 1135లో మొదలుపెట్టి పదకొండేళ్లలో కట్టారు. అది ఇప్పటికీ నడవడానికి వాడుతున్నారు. పాత ఊరంతా 2006 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. సందులు ఇరుకు, గాలి తగలదు, చలిలో కూడా తిరగొచ్చు. ఎండున్న రోజు చూసి వెళ్లండి.

న్యూరెంబర్గ్‌కి రీజనల్ ఎక్స్‌ప్రెస్ గంటా ముప్పావు. హైస్పీడ్ లైను మీదనే పరుగెత్తే రీజనల్ బండి ఇది, మన టిక్కెట్టు చెల్లుతుంది. అందరూ క్రిస్మస్ సంత కోసం వెళ్తారు. వెళ్లండి, కానీ శనివారం సాయంత్రం వెళ్లకండి, మనుషుల మధ్యన సంత కనపడదు. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకోగలిగితే ఆరోజు వెళ్లండి. సంత డిసెంబర్ 24తో ముగుస్తుంది. చాలామంది 26న వెళ్దామనుకుంటారు, అప్పటికి కొట్లూ బల్లలూ ఎత్తేస్తారు. సంత లేకపోయినా ఆ ఊళ్లో నేను పదేపదే చెప్పేది రైల్వే మ్యూజియం. జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835 డిసెంబర్ 7న ఆ ఊరి నుంచే బయల్దేరింది, పక్కనున్న ఫ్యూర్త్‌కి, ఆరు కిలోమీటర్లు. ఆడ్లర్ అనే ఇంజను లాగింది. అది కూడా చలికాలంలోనే చూశారా! మంచు పడితే బాగా ఆడుకునే పిల్లలకంటే రైళ్లంటే ప్రాణం పెట్టే పిల్లలకి ఇది నచ్చుతుంది. సోమవారం ఉండదు. చాలా మ్యూజియాలు సోమవారం ఉండవు, దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఆగ్స్‌బర్గ్ ముప్పావు గంట. దీన్ని ఎవరూ లెక్కచేయరు, దగ్గర కాబట్టి. చలికాలంలో దగ్గర అన్నదే దాని గొప్పతనం. మ్యూనిక్‌కీ ఆగ్స్‌బర్గ్‌కీ మధ్య నాలుగు లైన్లున్నాయి, గంటకి చాలా బళ్లు. ఒకటి రద్దయితే ఇంకొకటి. వాతావరణం ఎలా ఉంటుందో తెలియని రోజున, బాగా పెద్దవాళ్లు, బాగా చిన్నవాళ్లు వెంట ఉన్న రోజున, ఆగ్స్‌బర్గ్. అక్కడ ఫుగ్గెరై చూడండి. యాకోబ్ ఫుగ్గర్ అనే షావుకారు 1521లో బీదవాళ్ల కోసం కట్టించిన ఇళ్ల వాడ. ఈనాటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. సంవత్సరం అద్దె 88 సెంట్లు. అప్పటి ఒక గుల్డెన్ ఎంతో అంత, అయిదు వందల ఏళ్లుగా పెంచలేదు. ఆ వీధిలో నిలబడి ఆ సంగతి పిల్లలకి చెప్పండి.

నోయిష్వాన్‌స్టైన్ అడుగుతారని తెలుసు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదట అదే అడుగుతారు. బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1869లో మొదలుపెట్టిన కోట, 1886లో ఆయన పోయేనాటికీ పూర్తికాలేదు. 2025లో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేరింది. మంచులో చూడటానికి నిజంగా అద్భుతం, కాదనను. కానీ లెక్క చూడండి. ఫ్యూసెన్‌కి రెండు గంటలు. అక్కణ్నుంచి బస్సు. కింద నుంచి కోట దాకా ఎక్కడానికి అరగంట నుంచి నలభై నిమిషాలు. మంచు, గడ్డకట్టిన రోడ్డు ఉంటే పైకి వెళ్లే బస్సు తిరగదు. కోట బాగా కనపడే ఆ మరియా వంతెన కూడా అలాంటప్పుడు మూసేస్తారు. లోపల చూడ్డానికి టిక్కెట్టు మీద ఒక వేళ రాసి ఉంటుంది, అది దాటితే ఆ టిక్కెట్టు పోయినట్టే. అందుకని మధ్యాహ్నం 1 గంట ప్రాంతంలో టిక్కెట్టు పెట్టుకోండి, దానికి రెండు బళ్లు ముందు బయల్దేరండి, శని ఆదివారాల్లోనే వెళ్లండి. డిసెంబర్ 24, 25, 31, జనవరి 1, ఈ నాలుగు రోజులూ కోట మూసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు తాతయ్యలు వస్తే, ఏప్రిల్ దాకా ఆగండి. లేదా ప్రీన్ వెళ్లి పడవ మీద హెరెన్‌కీమ్‌జే చూపించండి, అదీ ఆయన కట్టించిన కోటే. ప్రీన్ గంట దూరం, పడవలు చలికాలంలో కూడా తిరుగుతాయి. దీవిలో నడక మాత్రం కొంచెం ఉంటుంది.

సాల్జ్‌బర్గ్‌కి రెండు టిక్కెట్లూ చెల్లుతాయి, స్టేషన్ దాకా. గంటా ముప్పావు నుంచి రెండు గంటలు. మోత్సార్ట్ 1756 జనవరి 27న పుట్టిన ఇల్లు, కొండ మీద కోట. క్రిస్మస్ గొడవంతా తగ్గాక జనవరిలో వెళ్తే ఆ ఊరు మీదవుతుంది. కానీ అది వేరే దేశం. వెళ్లేటప్పుడు ఎవరూ అడగరు, తిరిగొచ్చేటప్పుడు జర్మన్ పోలీసులు బండెక్కి చూస్తారు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు అసలువి ఉండాలి, ఫోన్‌లో ఫొటో పనికిరాదు. అమ్మానాన్నల షెంగెన్ వీసా ఒక్క ఎంట్రీదైనా సాల్జ్‌బర్గ్ వెళ్లి రావచ్చు, అదీ షెంగెన్‌లోదే. పర్మిట్ పొడిగింపులో ఉండి చేతిలో తాత్కాలిక కాగితం మాత్రమే ఉన్న విద్యార్థులు, ఆ ఆఫీసులో అడగకుండా సరిహద్దు దాటకండి. బవేరియాలోనే చూడాల్సింది ఎంతో ఉంది.

డాఖావ్ గురించి ఇందాక ఒకరు అడిగారు. అది విహారం కాదు. 1933 మార్చిలో నాజీలు తెరిచిన నిర్బంధ శిబిరం. ఎస్2లో వెళ్లి బస్సు ఎక్కాలి, గంటలోపే. చలికాలంలో ఆ ఖాళీ మైదానంలో నిలబడితే, పల్చటి బట్టలతో అక్కడ వరసల్లో నిలబెట్టిన మనుషుల గురించి ఆలోచించకుండా ఉండలేం. పెద్దవాళ్లు తప్పక వెళ్లాలి. చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి. అదే రోజు ఇంకో చోటికి ప్లాను పెట్టుకోకండి.

కాళ్ల గురించి. కోటు మీద మూడు వందల యూరోలు పెట్టి, కింద మామూలు స్పోర్ట్స్ షూ వేసుకొస్తారు. ఇక్కడ పడి చెయ్యి విరగ్గొట్టుకునేది ఆ షూ వల్లే. అడుగున పట్టు ఉన్న బూట్లు ముందు కొనండి, కోటు తర్వాత. బండి లోపల బాగా వెచ్చగా ఉంటుంది, అందుకని ఒకే లావు స్వెటర్ కాకుండా పల్చటివి రెండు మూడు వేసుకోండి, తీయడానికి వీలుగా. పులిహోర, చపాతీలు కట్టుకోండి, ఫ్లాస్కులో టీ పోసుకోండి. రైల్లో తినొచ్చు. ఆదివారం సూపర్‌మార్కెట్లు ఉండవు, డిసెంబర్ 25, 26, జనవరి 1, ఇంకా ఇక్కడ బవేరియాలో జనవరి 6 కూడా సెలవే. రీజనల్ బళ్లలో మరుగుదొడ్డి ఉంటుంది, ఎస్‌బాన్‌లో ఉండదు, పిల్లలున్నవాళ్లు గమనించండి. చిల్లర నాణేలు ఉంచుకోండి. ఫోన్ కోటు లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది, మీ టిక్కెట్టు అందులోనే ఉంటుంది.

అమ్మా, మీ ప్రశ్న విన్నాను. తిరుగు బండి రద్దయితే ఏం చేయాలంటున్నారు. ముందు ప్లాట్‌ఫాం మీద అనౌన్స్‌మెంట్ వినండి, యాప్ చూడండి. బస్సు పెడితే స్టేషన్ బయట ఎస్‌ఈవీ అని రాసిన ఆగే చోటు ఉంటుంది. మామూలు టిక్కెట్టు ఉన్నవాళ్లు ఇరవై నిమిషాలకు మించి ఆలస్యం అయ్యేటట్టుంటే ఐసీఈ ఎక్కొచ్చు, కానీ బయర్న్ టికెట్‌కి ఆ వెసులుబాటు లేదు, పొరపాటున ఎక్కకండి. ఆ రోజుకి ఆఖరి బండి రద్దయి, అర్ధరాత్రి లోపు ఇల్లు చేరే దారే లేకపోతే, ప్రయాణికుల హక్కుల్లో టాక్సీ ఖర్చు 120 యూరోల దాకా తిరిగి ఇచ్చే నిబంధన ఉంది. ముందు రైల్వేవాళ్లకి ఫోన్ చేయండి, స్టేషన్‌లో మనిషి ఉంటే అడగండి. ఎవరూ దొరక్కపోతే, బోర్డు మీద రద్దు అని కనపడేటప్పుడు ఫొటో తీసుకోండి, టాక్సీ రసీదు తీసుకోండి, ఫారం నింపి పంపండి. చిన్న ఊళ్లలో టాక్సీ ఒకటో రెండో ఉంటాయి, రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తకపోవచ్చు. ఆ ఊరి టాక్సీ నంబరు పొద్దున దిగగానే స్టేషన్ ముందు బోర్డు మీద చూసి ఫోన్‌లో ఎక్కించుకోండి. తర్వాతి ప్రశ్న ఎవరిది? ఆ పక్కన, స్ట్రోలర్ పట్టుకున్న అబ్బాయి, అడుగు నాయనా.